సత్తెమ్మ చూడొచ్చన్న సినిమా

కిష్టారెడ్డిపేటలో సత్తెమ్మ పేరు తెలియని ఆడవాళ్లు తక్కువ. ముఖం తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అందరికీ తెలిసింది ఆమె గొంతు. కొత్త సినిమా పడిన సాయంత్రానికి అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో, కంపెనీ క్యాంటీన్ ఆడవాళ్ల గ్రూపుల్లో, లక్డారం, వెలిమెల మహిళా సంఘాల గ్రూపుల్లో ఆ గొంతు వినిపించేది. కాస్త బొంగురుగా, ఎవరినో మందలిస్తున్నట్టు, ఆ సినిమా ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చో లేదో తేల్చి చెప్పేది. చాలామటుకు చూడొద్దనే తేల్చేది.

ఆమెది లక్డారంలో భూమి ఉన్న ఇల్లు. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ మామ పెంటయ్య కనుసన్నల్లో మెలిగింది. పెంటయ్య మాట పెళుసు, మనసు శుభ్రం. రేడియోలో సరసం పాట వస్తే కోడలిని లోపలికి పొమ్మనేవాడు కాదు, తనే కండువా దులుపుకుని లేచి బయటికి పోయేవాడు. వరుసైన ఆడమనిషి ముందు వినరాని మాట పడితే సిగ్గుపడాల్సింది మగవాడు అని ఆయన లెక్క. సత్తెమ్మకు అది కట్టడిగా ఎప్పుడూ అనిపించలేదు. ఆయన పోయాక ఊళ్లో భూమి చుట్టూ కంపెనీలు లేచాయి. భర్త నర్సింహ ఇనుము కంపెనీలో ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. కొడుకు శ్రావణ్‌కుమార్ కిష్టారెడ్డిపేటలో ఫ్లాటు కొన్నాడు. కోడలు నిషిత ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఇంతమందీ ఒక్క గోడకున్న టీవీ ముందు కూర్చోవడం మొదలైన తరువాతే సత్తెమ్మకు ఈ పరేషాన్ పట్టుకుంది.

మొదలైంది మనవరాలితో. పోస్టరు మీద కుటుంబ కథాచిత్రం అని రాసి ఉన్న సినిమాకు సత్తెమ్మే ముచ్చటపడి పిల్లను తీసుకుపోయింది. అందులో అల్లుడు అత్తగారి నడుము మీద జోకులేస్తాడు. మామగారు పనిమనిషిని చూసి లొట్టలేస్తాడు. హాలంతా నవ్వింది. మర్నాడు లిఫ్టులో వాచ్‌మన్ ముందు ఆరేళ్ల పిల్ల అందులోని మాట ఒకటి పెద్దగా అప్పజెప్పింది. వాచ్‌మన్ నేల చూపులు చూశాడు. సత్తెమ్మకు అన్నంలో వెంట్రుక నోటికి తగిలినట్టయింది. ఇంటికి వచ్చి ఫోను నోటి దగ్గర పెట్టుకుని అపార్ట్‌మెంటు గ్రూపులో మాట్లాడింది.

"అమ్మలాలా, నేను సత్తెమ్మను. గా సిన్మకు పిల్లలను తీస్కపోకుండ్రి. నేను తీస్కపోయి సిగ్గుతోని సచ్చిన. అండ్ల అత్త లేదు, మామ లేడు, అందరిని బూతులకే పెట్టిండ్రు. పైన కుటుంబం అని రాసిండ్రు. ఎవరి కుటుంబమో నాకైతే తెల్వది."

ఆ మాటలు ఎక్కడెక్కడికి పోయాయో ఆమెకే తెలియదు. వారం తిరిగేసరికి ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్లు చేసి, ఫలానా సినిమాకు పిల్లల్ని తీసుకుపోవచ్చా అక్కా అని అడగసాగారు. అప్పటినుంచి అదే ఆమె పనైంది. నర్సింహను వెంటబెట్టుకుని పటాన్‌చెరుకు ఆటోలో పోయి మ్యాట్నీ చూసేది. నర్సింహ పేర్లు పడుతుండగానే నిద్రపోయేవాడు. రెండో పక్క సీటులో మామ పెంటయ్య కూర్చున్నాడని ఊహించుకుని ఆమె సినిమా చూసేది. ఆయన ఎక్కడ లేచిపోతాడో ఆమె లెక్కలో సినిమా అక్కడికి చెడిపోయినట్టు. చాలా సినిమాల్లో ఆయన ఇంటర్వెల్‌కు పాప్‌కార్న్ రాకముందే లేచిపోయేవాడు.

ఇంట్లో ఆమె తీర్పులన్నీ చెల్లుబాటు కాలేదు. తాగి కొట్టే మొగుణ్ని వదిలి ఒకామె కూతురితో వేరే ఊరు పోయి బతుకుతుంది ఒక సినిమాలో. బూతు లేదు, అర్ధనగ్నపు పాట లేదు. అయినా సత్తెమ్మ చూడొద్దంది. పెద్దమనుషులను కూర్చోబెట్టి మాట్లాడకుండా, పుట్టింటివాళ్లను పిలవకుండా, సంచీ సర్దుకుని పొమ్మని పిల్లలకు నేర్పుతున్నారంది. నిషిత ఆ సినిమా రెండుసార్లు చూసింది. "అండ్ల తప్పేముంది అత్తమ్మా? దెబ్బలు తినుకుంట పెద్దమనుషుల కోసం చూడాల్నా?" అని అడిగింది. సత్తెమ్మ మాట మార్చుకోలేదు. ఆ తరువాత చాలా రోజులు కోడలు వంటింట్లో అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు.

శివశంకర్ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది ఆ రోజుల్లోనే. వెలిమెల దగ్గర వెంచర్లు వేసే మనిషి. సంప్రదాయం, కుటుంబం, దేశం అని మాట్లాడే పార్టీకి ఆ మండలంలో అన్నీ తనే. సోఫాలో కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుని, మన సంస్కృతిని కాపాడే గొంతు నీదే అక్కా అన్నాడు. సత్తెమ్మ పొంగిపోయింది. ఇల్లు కుళ్లితేనే దేశం కుళ్లుతుందని ఆమె ఎప్పటినుంచో అనుకుంటున్నదే. అది మైకులో చెప్పే పార్టీ ఉందంటే అందులో తాను లేకుండా ఎట్లా? మహిళా విభాగంలో చేరింది. మీటింగుల్లో మాట్లాడింది. వినాయకుడి ముందు రికార్డింగు డాన్సులు పెట్టొద్దని కాలనీ కాలనీ తిరిగి చెప్పింది. పూజారిని వెర్రివాడిగా చూపిన సినిమాను, ఎల్లమ్మ పేరు పెట్టి పాటలో పిచ్చి గంతులు వేయించిన సినిమాను దుమ్మెత్తిపోసింది. ఆ మాటలను పార్టీవాళ్లే జిల్లా అంతా పంచిపెట్టారు.

అట్లా ఉండగా శివశంకర్ బావమరిది నలుగురితో కలిసి ఒక సినిమా తీశాడు. పేరులోనే ధర్మం అన్న మాట ఉంది. పోస్టరులో హీరో నుదుట విభూది, వెనుక గుడి గోపురం. విడుదలకు ముందే శివశంకర్ వచ్చి, సంగారెడ్డిలో థియేటరు మొత్తం మాట్లాడినం అక్కా, ఊళ్లల్లకెల్లి బస్సులు పెడుతున్నం, ఆడోళ్లు నీ మాట వింటేనే వస్తరు అన్నాడు. చూడకుండా ఎట్లా చెప్పనని సత్తెమ్మ నసిగింది. మనవాళ్లే తీశారు, నువ్వు చూసినట్టే అనుకో అని అతను నవ్వాడు. గుడి, ధర్మం, మనవాళ్లు. ఆమెకు అనుమానించడానికి ఏమీ కనిపించలేదు. ఈ సినిమా అందరూ చూడొచ్చని, పిల్లలనూ పెద్దవాళ్లనూ తీసుకుని రమ్మని గ్రూపులన్నింటిలో మాట్లాడింది. చూడని సినిమాకు పూచీ పడటం ఆమెకు అదే మొదటిసారి.

బస్సులు నిండాయి. థియేటరు గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టి ఆడవాళ్లకు బొట్టు పెట్టారు. లక్డారం నుంచి మొగులమ్మ వచ్చింది. ఒకప్పుడు సత్తెమ్మ వాళ్ల పొలంలో నాట్లేసిన మనిషి, ఇప్పుడు కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతోంది. వెంట కూతురు రేఖను తెచ్చింది. పోయిన ఏడు ఆ పిల్ల ప్యాకింగు షిఫ్టు దిగి వస్తుంటే రోడ్డు మీద ఇద్దరు మగవాళ్లు తుమ్మచెట్లలోకి గుంజారు. లారీవాళ్లు చూసి కేకలేస్తే వదిలి పారిపోయారు. అప్పటినుంచి రేఖ డ్యూటీకి తప్ప గడప దాటలేదు. సత్తెమ్మ చూడొచ్చన్నది కాబట్టి వచ్చింది.

సినిమా శ్లోకంతో మొదలైంది. కాసేపు అందరూ చేతులు జోడించారు కూడా. ఆ తరువాత హీరో ఒక పిల్లను పొట్టి బట్టలేసుకున్నందుకు చెంప మీద కొట్టాడు. వెనకాల చప్పట్లు. ఆ చప్పట్లు ఆగకముందే అదే పిల్లను కెమెరా కింది నుంచి పైకి తడిమినట్టు చూపించింది. తిడుతున్నది దేన్నో, అమ్ముకుంటున్నది దాన్నే. హీరో తల్లి కాళ్లకు మొక్కాడు, మొక్కి లేచి ముండమోసిన మేనత్త లావు మీద జోకేశాడు. సత్తెమ్మ పక్కకు చూసింది. పెంటయ్య ఎప్పుడో వెళ్లిపోయాడు. తను మాత్రం మన సినిమా గదా అని కదలకుండా కూర్చుంది.

సగం దాటాక విలన్ హీరో చెల్లెలిని గోదాములోకి ఈడ్చుకుపోయాడు. హీరో వచ్చి కాపాడతాడని అందరికీ తెలుసు. కానీ హీరో రావడం లేదు. కెమెరాకు తొందర లేదు. చీర చిరిగిన చప్పుడు ఒకసారి, ఆ పిల్ల పాకుతూ పోవడం ఒకసారి, భుజం, వీపు, కాళ్లు, మళ్లీ భుజం. తీసినవాడు ఇక్కడ ఏడవమంటున్నాడో, చూసి ఆనందించమంటున్నాడో సత్తెమ్మకు క్షణంలో తెలిసిపోయింది. వెనుక వరుసల్లోంచి ఈల వేశారు. ఒకడు వేస్తే ఇంకొకడు. ఆమె తల తిప్పి చూసింది. బస్సుల వెంట వచ్చిన పార్టీ కుర్రవాళ్లు. మెడల్లో కండువాలు తెర వెలుతురుకు మెరుస్తున్నాయి.

ముందు వరుసలో రేఖ లేచింది. మనుషుల మోకాళ్లు తగులుతున్నా ఆగకుండా పోయింది. మొగులమ్మ ఆమె వెంట పరుగెత్తింది. సత్తెమ్మ నర్సింహను కూడా లేపకుండా వాళ్ల వెనుక నడిచింది.

రేఖ మెట్ల పక్కన గోడ పట్టుకుని వాంతి చేసుకుంటోంది. మొగులమ్మ వీపు రాస్తూ తలెత్తి చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, అదే సత్తెమ్మ చూడలేకపోయింది.

"నువ్వు చెప్తెనే వచ్చినం పటేలమ్మా," అంది.

సత్తెమ్మ క్యాంటీన్ దాకా పోయింది. నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. వాళ్లిద్దరూ బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయారు. సినిమా వదిలాక శివశంకర్ ఫోను కెమెరాలతో ఎదురొచ్చి రెండు మాటలు చెప్పక్కా అన్నాడు. ఇంటికి పోయి చెప్తానని ఆమె ముఖం తిప్పుకుంది.

ఇంటికి చేరకముందే శివశంకర్ ఫోను చేశాడు. ముఖం చూసే పసిగట్టినట్టున్నాడు. చెడ్డవాడు చెడ్డగా చేస్తేనే కదా మంచివాడు కొట్టేదని నచ్చజెప్పబోయాడు. ఎంత చెడ్డగా చేస్తున్నాడో చెప్పడానికి ఆ పిల్ల వీపు అంతసేపు ఎందుకని ఆమె అడిగింది. అతను గొంతు తగ్గించాడు.

"అక్కా, మనోళ్ల సిన్మను మనమే కించపరిస్తే అవతలోళ్లు నవ్వుతరు."

"ఇదే సిన్మ అవతలోళ్లు తీస్తే నువ్వే ధర్నా పెడుతుంటివి తమ్మీ. ముందల నన్నే కూసోబెడుతుంటివి," అంది సత్తెమ్మ.

ఆ సాయంత్రం గ్రూపులన్నింటిలో మాట్లాడింది. చూడకుండా చెప్పానని, తప్పయిందని, ఎవరూ పోవద్దని చెప్పింది. దేవుని పేరు అడ్డం పెట్టి ఆడపిల్ల ఒళ్లు అమ్ముకున్నారంది. బూతును బూతని చెప్పుకుని తీసేవాడే వీళ్లకంటే నయమంది.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే కిరాణా కొట్టు సంగయ్య ఫోనులోంచి తన గొంతే వినిపించింది. "పిల్లాజెల్లతోని పోయి సూడుండ్రి. కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. గిసోంటి సిన్మ ఏండ్లకొకటి వస్తది." ఆ మాటలు ఆమెవే. ఎప్పుడో ఒక రైతు కథకు, అరుదుగా మెచ్చుకున్న సినిమాకు చెప్పినవి. ఆమె చూసి వచ్చి మెచ్చుకున్నట్టు ఉండాలని, వాటికి ముందు ధర్మం సినిమా పేరు ఇంకెవరో ఆమెలాగే బొంగురుగా పలికి అతికించారు. కింద శివశంకర్ ఫోటో, పార్టీ గుర్తు.

సంగయ్య మెచ్చుకోలుగా నవ్వి, మేం గూడ పోతున్నం అక్కా అన్నాడు. తను విప్పి దండెం మీద ఆరేసిన చీరను ఇంకెవరో కట్టుకుని బజారులో తిరుగుతున్నట్టు అనిపించింది సత్తెమ్మకు. అది నా మాట కాదని అతనికి చెప్పింది. అతను ఫోను వైపూ ఆమె వైపూ చూసి, మీ గొంతే గదా అన్నాడు. పాలు తీసుకోకుండానే పైకి వచ్చేసింది.

మహిళా విభాగం మీటింగు పటాన్‌చెరులో ఒక ఫంక్షన్‌హాల్లో జరిగింది. సత్తెమ్మ లేచి, నా గొంతు ఎవరు కోసి అతికించారని సూటిగా అడిగింది. శివశంకర్ నవ్వుతూ, ఎవరో అభిమానులు చేసి ఉంటారు, మనకేం తెలుసన్నాడు. వేదిక మీద వెంకటేశ్వరరావు అని జిల్లా పెద్ద ఉన్నాడు. రిటైరయిన హెడ్మాస్టరు, మాట నెమ్మది. అమ్మా, సినిమా చిన్న విషయం, మన లక్ష్యం పెద్దది, చిన్నదాని కోసం పెద్దదాన్ని పాడుచేసుకోవద్దని ఆయన చెప్పాడు. తనతో కాలనీలు తిరిగిన ఆడవాళ్ల వైపు చూసింది సత్తెమ్మ. ఒకామె గాజులు సర్దుకుంది. ఇంకొకామె ఫోను చూసుకుంది.

"సారూ, నాకు పెద్దది ఇదే," అంది. "నేను పార్టీల జేరింది దీని కోసమే. ఇగ మీరు దేని కోసం జేరిండ్రో నాకు తెల్వది."

చెప్పి కూర్చుంది. ఆ వెంటనే భోజనాలకు పిలిచారు. పక్కన కూర్చున్నామె బూందీ లడ్డు చేతికిస్తే అది కూడా అసహ్యంగా కనిపించింది.

లక్డారం పోవడానికి ఆమె కాళ్లు చాలా రోజులు ముందుకు పడలేదు. చివరికి ఒక ఆదివారం పోయింది. మొగులమ్మ రేకుల ఇంటి ముందు కుర్చీ వేసి టీ ఇచ్చింది. సత్తెమ్మ దాచుకోకుండా, చూడకుండా చెప్పాను, మనవాళ్లనుకుని చెప్పాను, తప్పు నాదే అంది. మొగులమ్మ పోనీయండి పటేలమ్మా అంది. రేఖ తలుపుకు ఆనుకుని నిలబడి వింటోంది. ఆ పిల్ల మాట్లాడుతుందని సత్తెమ్మ అనుకోలేదు.

"సిన్మ గురించి కాదు," అంది రేఖ. "అది తెర మీద బొమ్మ. ఎనక ఈలలేసిండ్రు గదా, అవే యాదికొస్తున్నయి. ఆ దినం నన్ను గుంజినోళ్లు గూడ గట్లనే ఈలేసిండ్రు."

ఆ మాట అని లోపలికి వెళ్లిపోయింది. సత్తెమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఇన్నేళ్లుగా తను తెర వైపే చూస్తూ వచ్చింది. హాల్లో నవ్వేవాళ్ల గురించి, చప్పట్లు కొట్టేవాళ్ల గురించి, ఈలలేసేవాళ్ల గురించి ఒక్కసారీ చెప్పలేదు. మామ పెంటయ్య కండువా దులుపుకుని లేచిపోవడం గుర్తొచ్చింది. సిగ్గు పాటకు కాదు, వినేవాడికి ఉండాలని ఆయన అనుకున్నాడు.

ఇంటికి వచ్చి నిషితను పిలిచి, మాట్లాడుతుంటే ఫోనుతో తీయమంది. ఈసారి ముఖం కనబడాలంది. కోసి అతికించడానికి వీలు లేకుండా సినిమా పేరు మాటిమాటికీ చెప్పమని నిషిత సలహా ఇచ్చింది. సత్తెమ్మ కొంగు సర్దుకుని కుర్చీలో కూర్చుంది.

"ఇయ్యాల సిన్మ గురించి చెప్తలేను. సూసినోళ్ల గురించి చెప్తున్న. ధర్మం అని పేరు పెట్టిన సిన్మల ఆడపిల్లను చెరబడుతుంటే ఈలలేసిండ్రు. వాళ్ల మెడలల్ల మా పార్టీ కండువలున్నయి. నేను కండ్లార సూసిన. వాళ్లకు ఒక్కలు అడ్డం చెప్పలే, నేను గూడ చెప్పలే. తీసినోడు చెడ్డోడే. కని ఈలేసినోడు మన ఇంట్ల అన్నం తిని వచ్చిండు. వాళ్ల తల్లులు గిది వింటుంటే, మీ కొడుకులను అడుగుండ్రి."

ఆ వీడియో అతికించిన ఆడియో పోయినంత దూరం పోలేదు. కానీ పోవాల్సిన చోటికి పోయింది. మధ్యాహ్నానికి ఆమెను పార్టీ గ్రూపుల్లోంచి తీసేశారు. వీడియో కింద ఆమె వయసు మీద, నర్సింహ మీద, ఆమె ఎవరికి అమ్ముడుపోయిందన్నదాని మీద రాతలు రాశారు. ఒకప్పుడు కుటుంబ విలువల గురించి ఆమె మాటలు పంచినవాళ్లే వాళ్లు. ఒకడు ఆ సినిమాలోని జోకునే ఆమె ఫోటో కింద పెట్టాడు. నిషిత చదవొద్దంటే కూడా సత్తెమ్మ అన్నీ చదివింది. చదివి స్నానానికి పోయింది.

సాయంత్రం అవతలి పార్టీవాళ్లు ఫోను చేశారు. మా వేదిక మీదికి వచ్చి ఆ మాటే చెప్పమ్మా, మేము అండగా ఉంటామన్నారు. వాళ్ల నాయకుడి కొడుకు పుట్టినరోజుకు బొల్లారం రోడ్డు మీద ట్రాక్టరు ఎక్కించి ఆడించిన డాన్సులు సత్తెమ్మ మరిచిపోలేదు. మీది గూడ సూసిన అని ఫోను పెట్టేసింది.

ధర్మం సినిమా కొన్నాళ్లాడి పోయింది. శివశంకర్ మహిళా విభాగానికి ఇంకొకామెను పెట్టాడు. సత్తెమ్మ నమ్మకాల్లో మార్పేమీ రాలేదు. ఇప్పటికీ ఓటు ఆ గుర్తుకే వేస్తానంటుంది, ఆ మాట అంటూనే వాళ్లను తిడుతుంది. గ్రూపులు తగ్గాయి. ఫోను చేసి అడిగేవాళ్లు మాత్రం ఉన్నారు. నర్సింహ మోకాళ్లు నొప్పులంటే ఇప్పుడు సినిమాకు నిషిత తోడు వస్తోంది.

మొన్న ఇద్దరూ కలిసి చూసిన సినిమాలో ఒక విధవరాలు పెద్ద వయసులో మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. పటాన్‌చెరు నుంచి కిష్టారెడ్డిపేట దాకా ఆటోలో అత్తాకోడళ్లు వాదులాడుకుంటూనే వచ్చారు. ఎదిగిన కొడుకు ముందు ఆ ముచ్చట్లేమిటని సత్తెమ్మ చీదరించుకుంది. కొడుకే పెళ్లి చేశాడు కదా, ఇంకెవరికి నొప్పి అని నిషిత అడిగింది. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూస్తూ మలుపు దాటి పోయాడు. దిగాక సత్తెమ్మ గేటు దగ్గరే నిలబడి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. నిషిత పక్కకు వచ్చి, నా అభిప్రాయం కూడా చెప్తాను అత్తమ్మా అంది.

"నీ మాట నీ ఫోన్ల చెప్పుకో," అంది సత్తెమ్మ. నిషిత నవ్వి సంచీలోంచి తన ఫోను తీసింది.